ఓబయ్య మూసిన కిటికీలు

లక్కిరెడ్డిపల్లె ఓబయ్య పాతికేళ్ళు వచ్చేదాకా సముద్రాన్ని క్యాలెండర్లోనే చూశాడు. వాళ్ళ ఊరి ఏట్లో నీళ్ళు పారిన ఏడాదిని జనం పిల్లల వయసు లెక్కకు గుర్తుగా చెప్పుకుంటారు. అలాంటి చోటి నుంచి వచ్చినవాడు ఒమాన్‌లో, బర్కా ఒడ్డున, ఫైబర్ పడవలకు వైద్యుడయ్యాడు. దెబ్బతిన్న పడవను బోర్లా తిప్పి, పుచ్చకాయ కొనేవాడిలా వేలి కణుపుతో తట్టుకుంటూ పోతాడు. చప్పుడు మెత్తబడిన చోట సుద్దతో గీత గీస్తాడు. కోసి చూస్తే సరిగ్గా అక్కడే లోపల నీళ్ళు పట్టి ఉంటాయి. ఓబయ్య అతికిన చోట కొరికి ఒక సొరచేప రెండు పళ్ళు పోగొట్టుకుందని బర్కా జాలర్లు చెప్పుకుంటారు. రెండు కాదు, ఒక్కటే అని ఓబయ్య సరిదిద్దుతాడు.

ఆయన భార్య రమణి కూడా ఒమాన్‌లోనే ఉంది, ఘుబ్రాలో ఒక ఇంట్లో వంట చేస్తూ. ఇద్దరికీ దేశం ఒకటే గానీ కప్పు ఒకటి కాదు. ఆయనకు కంపెనీ రూమ్‌లో పై మంచం, కింది మంచం మీద హైదరాబాదు బాబు మియా గురక. ఆమెకు వంటింటి పక్కన ఒక గది, అందులో మగమనిషి అడుగు పెట్టడానికి లేదు. శుక్రవారాలు రూవి బస్టాండు వెనక అరుగు మీద కూర్చుని టిఫిన్ డబ్బా తెరుచుకునేవాళ్ళు. ఆ దారిన పోయేవాళ్ళలో తెలుగు తెలిసినవాళ్ళు ఎక్కువ. అందుకని మొగుడూ పెళ్ళాం పోట్లాడుకోవాలన్నా గుసగుసలే.

"నిన్ను నోరారా తిట్టి ఎన్నేండ్లయిందబ్బా," అనేది రమణి.

"తిట్లు తినక నాకూ నోరు చప్పబడింది మే," అనేవాడు ఓబయ్య.

రమణి వంట చేసేది అబూ నాసర్ కూతురింట్లో. అబూ నాసర్ బర్కా పాత జాలరి. ఆయన పడవలన్నీ ఓబయ్య చేతి మీదుగా సముద్రంలోకి పోయినవే. గురువారం సాయంత్రమైతే కూతురు తన పిల్లల్నీ రమణినీ వెంటబెట్టుకుని తండ్రి ఖర్జూరపు తోటకు వచ్చేది. ఓబయ్య కూడా అక్కడికి వెళ్ళగలిగేవాడే. కానీ గేటు దాటాక ఆమె ఆడవాళ్ళ వైపు, ఆయన మగవాళ్ళ వైపు. రూవి అరుగే నయం.

ఆ తోటలో మేకల కొట్టం వెనక ఒక వింత వస్తువు ఉండేది. ఏనుగు గుడ్డు పెడితే అలా ఉంటుంది. కారు వెనక తగిలించి లాక్కుపోయే ఇల్లు అది, మొత్తం ఫైబరే. తెల్లరంగు పసుపెక్కింది. రెండు చక్రాలు సగం దాకా ఇసుకలో దిగబడిపోయాయి. దాని మీద పేరు లేదు, ఊరు లేదు. అబూ నాసర్ తండ్రి కాలంలో రోడ్డు కోసం కొండలు కొలవడానికి వచ్చిన ఒక తెల్లాయన, వచ్చే వారం వస్తానని చెప్పి దాన్ని వదిలి వెళ్ళాడట. ఆ వచ్చే వారం ఇంకా రాలేదు. అది విలాయతీ సరుకని బాబు మియా వాదన. కాదు, ఓడ మీంచి జారిపడి ఒడ్డుకు కొట్టుకొచ్చిందని జాలర్ల వాదన.

ఒకరోజు ఓబయ్య దాంట్లో పడుకున్న మేకను తోలి, బల్లులను తోలి, లోపలికి దూరాడు. నేల చెక్క పుచ్చిపోయింది. పైకప్పు మీద గీతలా పగులు. తట్టి చూశాడు. గోడలు గట్టిగా పలికాయి. ఒక అలమర వెనక, గట్టిపడిన రెసిన్ జిగురులో, ఒక అరచేతి గుర్తు కనబడింది. చిటికెన వేలు కొంచెం వంకర. దాన్ని తయారుచేస్తూ ఎవడో కాలు జారితే ఆనుకున్న చెయ్యి. ఓబయ్య తన చెయ్యి దాని మీద పెట్టాడు.

బయటికి వచ్చి, తన వెంట వచ్చిన బాబు మియాతో, "ఏ దేశమోడో తెలీదు గానీ, మనోడే," అన్నాడు.

అబూ నాసర్ పెద్దకొడుకు నాసర్‌కు మాత్రం ఆ గుడ్డు బండి అంటే కంటగింపు. చలికాలంలో ఆ తోటలోనే వాళ్ళింటి పెళ్ళి. ఈలోపు దాన్ని లారీ ఎక్కించి తుక్కులో పడేయాలన్నాడు. ఆ సంగతి విన్న రోజు ఓబయ్య అబూ నాసర్ ముందు నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో ఆయన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"అర్బాబ్, దాన్ని నేను బాగుచేస్తా."

"బాగుచేసి నువ్వేం చేసుకుంటావు, సదీక్?" అన్నాడు ముసలాయన, నేస్తాన్ని పిలిచినట్టు.

ఓబయ్య తోట వంటింటి వైపు చూశాడు. గుమ్మంలో రమణి ఉల్లిపాయలు తరుగుతోంది. ముసలాయన కూడా అటు చూశాడు. కాసేపు గడ్డం నిమురుకున్నాడు.

"మనిషి కాపురముండేలా చెయ్యి. గురువారం వచ్చినప్పుడల్లా మీ ఇద్దరూ అందులో ఉండండి. పెళ్ళి పనులు మొదలయ్యేసరికి కాకపోతే నాసర్ మాటే నెగ్గుతుంది."

అప్పటికి ఎండలు ముదిరాయి. ఆ ఎండలో రెసిన్ కలిపితే గిన్నెలోనే పొగలు కక్కి రాయవుతుంది. అందుకని ఓబయ్య డ్యూటీకి ముందు, తెల్లవారుతుండగా తోటకు పోయేవాడు. గట్టిపడే మందును, వేసవిలో పాలకు తోడు వేసినట్టు, చుక్కలో సగం చుక్క కలిపేవాడు. పగులును గీకి, ఫైబర్ గుడ్డ పరిచి, రోలర్‌తో గాలి బుడగలు బయటికి నెట్టేవాడు. నేలకు కొత్త చెక్క వేశాడు. ఒక పాత పడవబండి ఇరుసు తెచ్చి, చక్రాలు గిర్రున తిరిగేలా బిగించాడు. గోడలు అద్దంలా వచ్చేదాకా రుద్దాడు. మేకలు తమ మొహాలు చూసుకుని పక్కకు జరిగి దారిచ్చేవట.

పడవ మనిషికి బొక్క అంటే శత్రువు. ఆ బండికి అడుగున బొక్కలున్నాయి, మూసేశాడు. నెత్తిన మూత ఊడిన కంత ఉంది, మూసేశాడు. నాలుగు కిటికీలున్నాయి. వాటి రబ్బరు చీకిపోయింది, అద్దాలు చిట్లాయి. వాటి మీదా ఫైబర్ పరిచి, రుద్ది, రంగు కొట్టాడు. ఎక్కడ కిటికీ ఉండేదో ఆ బండిని చేసినవాడే వచ్చినా చెప్పలేడు.

బాబు మియా చుట్టూ తిరిగి చూశాడు. "ఏం ఓబన్నా, తుఫాను వస్తదని ఎవరన్న చెవుల చెప్పిన్రా? నూహ్ నావ కడుతున్నవా?"

"ఒక్క చుక్క లోపలికి పోతే అడుగు," అన్నాడు ఓబయ్య. పైపుతో నీళ్ళు కొట్టి చూపించాడు. నిజంగానే ఒక్క చుక్క పోలేదు.

ఆ గురువారం రమణిని పిలిచాడు. ఆమె లోపలికి వచ్చాక పెళ్ళికొడుకులా సిగ్గుపడుతూ తలుపు వేశాడు. అది బీరువా తలుపులా బిగుసుకుంది.

"ఏమబ్బా, ఇంత చీకటి?"

"లైటు పెడతాలే మే."

"లైటు సరే. కిటికీ యాడుండాది?"

"మూసేసినా," అన్నాడు గర్వంగా. "నాలుగూ మూసేసినా. కింద బొక్కలు, పైన కంత, అన్నీ. ఇంగ చుక్క నీళ్ళు రావు."

"నీళ్ళు రావు. మరి గాలో?"

ఓబయ్యకు ఆ ప్రశ్న అంతవరకూ తట్టలేదు. మాట మార్చడానికి టీ పెట్టమన్నాడు. రమణి చిన్న స్టవ్ వెలిగించింది. పాలు పొంగేలోపు ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. పైకప్పు నుంచి చెమట వీళ్ళ మీదే కారింది. తలుపు తన్ని బయట పడ్డారు. కొట్టం దగ్గర బాబు మియా పొట్ట పట్టుకుని కూలబడ్డాడు.

"ఇడ్లీలు దించినవా వదినా?"

రమణి కొంగుతో మొహం తుడుచుకుంది. "పడవలో మనిషి తల బయట ఉంటాదబ్బా. ఇంట్లో తల లోపల ఉంటాది. అది తెల్దా నీకు?"

నవ్వుకోవడం అయిపోయాక ఓబయ్యకు భయం పట్టుకుంది. తోట అవతలి చివర అప్పుడే పెళ్ళి గుడారానికి గుంటలు తవ్వుతున్నారు. కిటికీలు తెరవాలి, అదీ వెంటనే. కట్టర్ చేతిలోకి తీసుకున్నాడు, కింద పెట్టాడు. మళ్ళీ తీసుకున్నాడు, పెట్టాడు. బతుకంతా బొక్కలు మూసినవాడు. బాగున్న ఫైబర్‌ను కోయడం ఆ చేతికి రాదు. పైగా ఆ గుల్ల అంతా ఒకే ముక్క. తప్పు చోట కోస్తే పగులు కప్పు దాకా పాకుతుంది. అప్పుడు లారీ తప్ప దారి లేదు.

రమణి ఆయన జేబులోంచి సుద్దముక్క లాక్కుని లోపలికి పోయింది. పీట వేసుకుని కూరలు తరిగేదానిలా కూర్చుంది. కళ్ళు ఎక్కడికి వస్తే అక్కడ గోడ మీద గీసింది.

"ఈడ ఒకటి. ఈడ కూచుంటే చెట్లు కనపడాల. పొయ్యి మీద ఇంగోటి. మంచం దగ్గర ఒకటి, ఉక్క తగ్గేదానికి."

ఓబయ్య గీతల వెంట తట్టుకుంటూ వచ్చాడు. "మూలలు పెట్టొద్దు మే. మూల ఉంటే ఆడ్నుంచే పగుల్తాది. గుండ్రంగా గీయి."

"అట్ల చెప్పు మరి."

ఆమె తుడిచి గుండ్రంగా గీసింది. ఆయన ఊపిరి బిగబట్టి కట్టర్ ఆన్ చేశాడు. ముక్క ఊడి చేతిలోకి వచ్చింది. ఆ వెనకే సముద్రపు గాలి, ఇంతకాలం బయట వరుసలో నిలబడి ఉన్నట్టు, రివ్వున లోపలికి దూరింది. ఎక్కడా పగుల్లేదు. ఓబయ్య కోసిన ముక్కను పక్కన పెట్టి, మిగతా రెండు గీతల వెంటా కోశాడు. తర్వాత అడుగున బొక్కలు కూడా తనే తెరిచాడు, ఎవరూ చెప్పకుండానే.

నాసర్ లారీ తీసుకుని వచ్చిన రోజుకు కిటికీలకు అద్దాలు పడ్డాయి, రమణి కుట్టిన తెరలు వేలాడుతున్నాయి. నాసర్ మంచివాడే, కాకపోతే తొందర మనిషి. గొలుసులు దించమని డ్రైవర్‌కు చెప్పి, బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. గోడ మీద చెయ్యి రాశాడు. మెట్టెక్కి లోపలికి వచ్చాడు. ఆయన వెనకే అబూ నాసర్ వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాడు.

నాసర్ నోరు తెరవకముందే రమణి కాఫీ పోసింది. ఖర్జూరాల పళ్ళెం ముందుకు జరిపింది. ఆయన తాగాడు. గాలి అటు నుంచి ఇటు పోతోంది. కళ్ళు మూసుకుని, "మాషా అల్లా," అన్నాడు. ఆమె మళ్ళీ పోసింది. మూడో కప్పు కూడా అయ్యాక, చాలని చిన్న కప్పును ఆడించి ఇచ్చేశాడు.

"దీన్ని తుక్కులో వేయడం పాపం," అన్నాడు నాసర్. గుమ్మం బయట నిలబడ్డ ఓబయ్యకు ప్రాణం లేచి వచ్చింది. "నేను మా ఇంటికి తీసుకుపోతా. చలికాలం పిల్లలతో సముద్రం ఒడ్డుకు పోవచ్చు."

ఓబయ్య లారీ వైపు చూశాడు. బాగుచేయకపోతే లారీ అన్నారు. బాగుచేస్తే కూడా లారీయేనా? తోట వాళ్ళది, బండి వాళ్ళది. ఏమనగలడు? డ్రైవర్ అప్పుడే గొలుసు తగిలిస్తున్నాడు.

అబూ నాసర్ తాపీగా అడిగాడు. "కాఫీ ఎవరు పోశారు, నాసర్?"

"రమణి."

"ఎక్కడ కూర్చుని తాగావు?"

"ఇక్కడే కదా నాన్నా."

"పూర్తిగా తాగావా?"

"మూడు కప్పులు."

ముసలాయన భుజాలు ఎగిరేలా నవ్వాడు. ఆ దేశంలో ఒక మర్యాద ఉంది. ఎవరింటికైనా ఏదైనా అడగడానికి పోయినవాడు, ఇచ్చిన కాఫీ తాగకుండా కప్పు కింద పెడతాడు. ఇంటివాళ్ళు సంగతి కనుక్కుని, "నువ్వు అడిగింది ఇచ్చాం, తాగు," అన్నాకే తాగుతాడు. తాగేసినవాడు ఉత్త అతిథి.

"అడగాలనుకున్నవాడు ముందు కప్పు కింద పెట్టాలి," అన్నాడు అబూ నాసర్. "ఆమె ఇంట్లో కూర్చుని, ఆమె కాఫీ తాగి, కప్పు ఆడించి, ఇప్పుడు ఇల్లే కావాలంటావా?"

"నన్ను అడగనిచ్చిందా? వచ్చీ రాగానే పోసేసింది!"

రమణి కూజా మూత సర్దుకుంటోంది. ఘుబ్రా ఇంట్లో పెళ్ళి మాటలకు వచ్చిన ఎందరో పెద్దమనుషుల ముందు కాఫీ పోసిన చెయ్యి అది! నాసర్ ఆమెను చూశాడు, తండ్రిని చూశాడు, తల గోక్కుని ఫక్కున నవ్వేశాడు.

"సరే, ఖలాస్. అతిథిగా అయినా రావచ్చా?"

"ముందు ఫోన్ చేసి రా," అన్నాడు ముసలాయన.

గొలుసు విప్పారు. ఖాళీ లారీ గేటు దాటి తిరిగింది. తండ్రీ కొడుకూ మగవాళ్ళు కూర్చునే మజ్లిస్ వైపు వెళ్ళిపోయారు. అప్పటిదాకా కదలని ఓబయ్య చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు. తను అంత కష్టపడి ఎక్కించిన టైరు మూత తీసి, పుల్లతో నొక్కి, గాలి వదిలేయడం మొదలుపెట్టాడు. బండి కొంచెం కొంచెంగా నేల మీదికి ఒదిగింది.

రమణి కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఏం చేస్తాండావబ్బా?"

"ఇంటికి చక్రాలెందుకు మే?"

"అయితే ఒక పక్కకే ఒరుగుతాంది చూడు. అవతలి పక్క గాలి కూడా తీసి, రెండు బిందెలు నీళ్ళు పట్టుకురా. బువ్వకు ఎసరు పెట్టల్ల."