గాజు బీరువాలో అరువు పుస్తకాలు

తమిళనాడు వేలూరులో ఒక పాత ఇల్లు ఖాళీ చేస్తున్నారంటే చూడ్డానికి వెళ్లాను. హాల్లో సన్నటి కాళ్ల మీద నిలబడి ఉంది టేకు బీరువా. పైన పక్కకు జరిపే గాజు తలుపులు, కింద సీసాలు కదలకుండా గుండ్రంగా తొలిచిన అర. అరవై ఏళ్ల కిందట ఆ ఇంటాయన విస్కీ సీసాలకని చేయించుకున్నది. ఆయన పోయి చాలా కాలమైంది. అమ్మేది ఆయన భార్య, ఎనభై దాటిన అవ్వ.

"దీంట్లో ఏం పెడతావు?" అని అడిగింది.

గుడియాత్తంలో మా ఇంట్లో ఎవర్‌సిల్వర్ స్టీలు గిన్నెలకు చోటు చాలక వెతుకుతున్నాను. కానీ అవ్వ వెంటనే, "ఇంకో తాగేవాళ్ల ఇంటికి మాత్రం ఇయ్యనమ్మా" అనేసరికి, కాస్త గొప్పగా ఉంటుందని "పుస్తకాలవ్వా" అనేశాను.

"తెలుగు పుస్తకాలా?"

"అవునవ్వా."

ఆమె ముఖం విప్పారింది. బీరువా మా ఇంటికొచ్చింది. గిన్నెలు అందులోకి ఎక్కాయి.

రెండు నెలల తర్వాత అవ్వ ఫోను చేసింది. "మీ ఊర్లో పెండ్లికి వచ్చినాను. అట్లే బీరువా చూసిపోతా."

మా ఇంట్లో పంచాంగం తప్ప పుస్తకం లేదు. గిన్నెలన్నీ మంచం కిందికి తోసి పక్కింటికి పరిగెత్తాను. పక్కింటాయన పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. ఓ చంకెడు పుస్తకాలిచ్చాడు. పేర్లయినా చూడకుండా సర్దేశాను.

అవ్వ వచ్చి, గాజును కొంగుతో తుడిచి, కుర్చీలో కూర్చుంది. "ఒకటి తీసి చదువమ్మా. నేను చదివింది అరవ బడిలో, నాకు మాటే గానీ తెలుగు అక్షరం రాదు."

చిత్తూరులో చదువుకున్నదాన్ని కాబట్టి నాకు ఆ భయం లేదు. చేతికందింది తీశాను. గొడ్ల జబ్బులు, వాటి మందులు. వెనక్కి పెట్టే దారి లేదు. ఆవుకు కడుపు ఉబ్బితే ఏం చేయాలో చదవసాగాను.

"ఆముదం తాపేది మేలు," అంది అవ్వ కళ్లు మూసుకునే. "పొన్నైలో మా నాయన అట్లే చేస్తా ఉండె. ఊ, చదువు."

గంటన్నర చదివాను. గాలికుంటు జబ్బు దాకా వచ్చేసరికి నా మనసు ఒప్పలేదు.

"అవ్వా, ఈ పుస్తకాలు మావి కాదు. అబద్ధం చెప్పినాను."

"తెలుసులేమ్మా. కింది అరలో గరిటె ఉండాది."

సిగ్గుతో నాకు నవ్వొచ్చింది. ఆమె నాకంటే ఎక్కువ నవ్వింది. "గిన్నెలే పెట్టుకో, సరి. ఒక్క అర మాత్రం పుస్తకాలకి విడిచిపెట్టు. ఆ గాలికుంటు సంగతి మిగిలిపోయె చూడు."

ఇప్పుడు ఆదివారాలు ఫోన్లో చదివి వినిపిస్తున్నాను. పశువులు అయిపోయాయి. ప్రస్తుతం చెరకు సాగు నడుస్తోంది. రాసినాయనకు చెరకు గురించి ఏమీ తెలియదని అవ్వ అభిప్రాయం.