గ్రీకమ్మ మాను ఎక్కిన సాయంత్రం

సంగీతం అన్నం పెడుతుందని ఆ రోజుల్లో నాకెవరూ చెప్పలేదు, నేనే అనుకున్నాను. తిరుపతిలో వయొలిన్ డిప్లొమా చేతికొచ్చాక నేను చేసిన కచేరీలన్నీ కల్యాణ మండపాల్లోనే. నాదస్వరం వాళ్ళు కాఫీ తాగడానికి లేచినప్పుడు నన్ను కూర్చోబెట్టేవాళ్ళు. బంతి వేశారని ఎవరో అనగానే నా ఎదుట ఖాళీ కుర్చీలు మిగిలేవి. (అక్షింతలు ఎలాగూ నా మీద పడవు, కనీసం అప్పడమైనా మిగల్చండయ్యా అని మనసులో అనుకునేవాణ్ణి.) అలా ఉండగా ఒకరోజు మా మేష్టారు పిలిచి, "విదేశం నుంచి ఒకామె వచ్చినారు, సంగీతం రాస్తారంట. ఇంగ్లీషు తెలిసిన వయొలిన్ పిల్లోడు కావాలంట, పో" అన్నారు. పోయాను. మేష్టారి మీద నాకున్న గౌరవం గౌరవమే గానీ, ఆ "పో" అన్న మాట మీద ఈనాటికీ నాకు కొంచెం కోపముంది.

ఆవిడ తాత, అవ్వ ఒక గ్రీకు దీవిలో చేపలు పట్టుకుని బతికినవాళ్ళు. తరవాత వేరే దేశానికి వలస పోతే ఈవిడ అక్కడ పుట్టింది. మా మామ (నగరిలో మైకుసెట్టు, షామియానాల వ్యాపారం) ఆవిడ పేరు రెండుసార్లు పలకబోయి విరమించుకుని "గ్రీకమ్మ" అని పెట్టాడు. అదే స్థిరపడింది. గ్రీకమ్మ ఓపెరాలు కడుతుంది. ఓపెరా అంటే మన పద్యనాటకం లాంటిదే, మాటలు కూడా పాడతారు అని మామకు చెప్పానే గానీ, ఈవిడవి అలాంటివి కావని నాకు త్వరలోనే తెలిసింది. ఒకటి నీళ్ళు తీసేసిన ఈతకొలనులో జరిగిందట. ఇంకొకటి ఆస్పత్రి లిఫ్టులో. మరొకదానిలో గాయకులందరూ మొదటి నుంచి చివరిదాకా గోడకేసి తిరిగి నిలబడ్డారట. ఇవన్నీ ఎంత గర్వంగా చెప్పేదో, జనం మధ్యలోనే లేచి వెళ్ళిపోయిన సంగతీ అంతే గర్వంగా చెప్పేది. "చివరిదాకా కూర్చున్నది మా అమ్మా, ఫైరింజను మనిషీ" అంది. "అతనికి డ్యూటీ."

నా డ్యూటీ అంతకన్నా అన్యాయం. వయొలిన్‌ను వాయించవద్దు, దాని వీపు రుద్దమనేది. కమాను తీగకు తగలకుండా ఆడించమనేది. "మరి శబ్దం?" అంటే "అది వినేవాళ్ళ బాధ్యత" అనేది. అన్నేళ్ళు గమకాలు సాధన చేసి చివరికి చెక్కపెట్టెకు ఒళ్ళు పడుతున్నానే అని నాకు ఏడుపొచ్చేది. మానేద్దామని అనుకున్న రోజే, టీ బంకు దగ్గర ఆవిడ అసలు సంగతి చెప్పింది. కొత్త ఓపెరా మొదటి ప్రదర్శన ఇక్కడే. దాన్ని చూడటానికి ఒక పెద్ద నాటకశాల డైరెక్టరు వస్తున్నాడు. ఈసారీ జనం లేచిపోతే ఇంక తన దగ్గర వేదిక లేదని ఆయన ముఖం మీదే చెప్పేశాడట. "ఇది పోతే ఇంక పాడటం, రాయడం అయిపోయినట్టే" అని ఆవిడ టీ గ్లాసులోకి చూస్తూ కూర్చుంది. జుట్టు నెరిసిన మనిషి అలా అంటే జాలేసింది. ఆ జాలి ఎంతో సేపు నిలవలేదనుకోండి, టీ గ్లాసుల గలగలను స్వరాల్లో రాసుకోమని వెంటనే పురమాయించింది.

ఇంత దూరం మా చిత్తూరు వైపే ఎందుకొచ్చిందంటే, ఎక్కడో వీడియోలో మా భారతం చూసింది. మా పక్క ఊళ్ళలో ఎండాకాలం ధర్మరాజుల గుళ్ళ దగ్గర మహాభారతం ఆడతారు. అందులో అర్జునుడి తపస్సు రోజున వేషగాడు పొడవాటి తపస్సు మాను ఎక్కుతూ పద్యాలు పాడతాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో వచ్చి మాను చుట్టూ బోర్లా పడుకుంటారు. పైనుంచి అర్జునుడు విసిరిన నిమ్మకాయ దక్కినవాళ్ళ కడుపు పండుతుందని నమ్మకం. గ్రీకమ్మకు అందులో నచ్చింది ఎత్తు ఒక్కటే. వాళ్ళవ్వ ప్రతి సాయంత్రం మిద్దె ఎక్కి, సముద్రంలోకి పోయిన మొగుడి పడవ కోసం చూస్తూ పాడేదట. ఓపెరా అంతా అదే. ఒక మనిషి పైకెక్కి, మాటల్లేకుండా "ఆ" అని పాడుతూ ఉండాలి, ఆపకూడదు. "ముగింపు ఏ పేజీలో ఉంది?" అని అడిగాను. "లేదు. ఇంకా దొరకలేదు" అంది.

సీజను అయిపోయి ఖాళీగా ఉన్న మామిడికాయల మండీ ఒకటి నగరిలో మాట్లాడుకున్నాం. మెట్లున్న ఎత్తైన వేదిక కావాలి, ఆమె ఎక్కి పాడుతుంది, కింద జనం చూస్తారు అని మామకు చెప్పాను. "తెలిసిందిలే, గమ్మునుండు" అన్నాడు. మర్నాడు పోయి చూస్తే మండీ మధ్యలో తాటిమాను. దానికి మెట్లు, పైన పలక, చుట్టూ మామిడాకులు, పసుపు, కుంకుమ. అది చాలదని ఆటోకు మైకు కట్టి, "సాయంత్రం మామిడికాయల మండీలో దొరసానమ్మ మాను ఎక్కి పాడతాది, అందరూ రావల్ల" అని మగ్గాల వీధులన్నీ తిరిగొచ్చాడు. నేను తల పట్టుకున్నాను.

"సెప్పకుంటే జనం యాడ్నించి వస్తారప్పా? జనం కావల్లని నువ్వే కదా అంటివి" అన్నాడు మామ.

ఆయనతో పోట్లాడే తీరిక లేకపోయింది. కరెంటు పోయి చుట్టుపక్కల మరమగ్గాలన్నీ ఆగిపోతే, "ఈ నిశ్శబ్దం నేను రాసింది కాదు" అని గ్రీకమ్మ నా మీద అలిగింది, స్విచ్చి నా జేబులో ఉన్నట్టు.

సాయంత్రం ఆవిడ మాను ఎక్కింది. డైరెక్టరు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. నేను కింద ఒకే తీగ మీద కమాను లాగుతున్నాను. ఆవిడ "ఆ" అని అందుకున్న కాసేపటికి గేటులోంచి ఆడవాళ్ళు రావడం మొదలైంది. అందరివీ తడిబట్టలే. వచ్చినవాళ్ళు వచ్చినట్టే మాను చుట్టూ బోర్లా పడుకున్నారు. పైన గ్రీకమ్మ గొంతు ఆనందంతో వణికింది. జన్మలో ఏ సభా ఆవిడకు సాష్టాంగపడి ఉండదు. పొద్దు కొండ మీదికి వాలుతోంది, ఒక్కరూ లేవడం లేదు. డైరెక్టరు కుర్చీ అంచుకు జరిగి నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

నా వెనక ఒక ముసలామె వంగి, "ఏం నాయనా, ఆయమ్మ కాయలు ఎప్పుడు ఇసురుతాది?" అని అడిగింది.

నా కమాను ఆగిపోయింది. మామ వైపు తిరిగి, పైన నిమ్మకాయలు పెట్టావా అని అడిగాను.

"అవి మానెక్కినోళ్ళు కదప్పా ఎత్తుకోని పోయేది. మాను నాది, కాయలు మీవి" అన్నాడు.

అప్పుడే ఎదురుగా ఉన్న పాదాలు చూశాను. ఆ వంకర చిటికెనవేలు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా అక్క. పలమనేరులో ఉండే మా అక్క, పెళ్ళై ఏళ్ళు గడిచినా పిల్లలు లేని మా అక్క, నాకు ఒక్క మాటైనా చెప్పకుండా బస్సెక్కి వచ్చి అక్కడ మట్టిలో పడుకుని ఉంది. లేవండమ్మా, ఇది తపస్సు కాదు, ఓపెరా అని ఎలా చెప్పడం? చెప్తే గ్రీకమ్మ బతుకు పోతుంది. చెప్పకపోతే అక్క పైకి చూసి ఉత్త చేతులతో లేవాలి. వయొలిన్ మామ చేతిలో పెట్టి రోడ్డు మీది సోడా బండికి పరుగెత్తాను. నిమ్మకాయలన్నీ చొక్కాలో వేసుకుని వచ్చి మాను ఎక్కాను.

నన్ను చూసి గ్రీకమ్మ కళ్ళు ఎర్రజేసింది. పాట ఆపకూడదని తానే రాసుకుంది కాబట్టి తిట్టడానికి లేదు. తిట్టంతా ఆ "ఆ"లోనే పెట్టి నా ముఖం మీద పాడింది. నేనూ ఊరుకోలేదు. అన్ని రోజుల విసుగు ఒక్కసారి వచ్చింది. "వీళ్ళెవరూ నీ పాట కోసం రాలేదు. ఈ కాయల కోసం వచ్చారు. కింద మా అక్క ఉంది, పిల్లలు లేరు" అన్నాను.

ఆవిడ పాట ఆగిపోయింది. ఆ ముఖం చూశాక, అనకుండా ఉంటే బాగుండుననిపించింది. ఆవిడ కిందికి చూసి, "ఎంతసేపు ఉంటారు?" అని మెల్లిగా అడిగింది.

"కాయ పడేదాకా ఉంటారు."

"మా అవ్వా అంతే" అంది. నా చొక్కాలోంచి ఒక కాయ తీసుకుని, ఒక స్వరం పాడి విసిరింది. మళ్ళీ ఒక కాయ, ఇంకొక స్వరం. కాయ కాయకీ గొంతు కిందికి దిగుతూ వచ్చింది. నేను పక్కన నిలబడి "ఎడమ పక్కకు, ఇంకా ఎడమ పక్కకు" అని చెవిలో పోరుతూనే ఉన్నాను. ఒకటి డైరెక్టరు ఒళ్ళో పడింది. ("ఆయనకెందుకే తల్లీ అది" అని ముసలామె లాక్కుంది.) ఒకటి అక్క చేతి దగ్గర పడింది. కాయలు అయిపోయేసరికి పాటా అయిపోయింది. డైరెక్టరు లేచి నిలబడి, ఇంత గొప్ప ముగింపు ఎప్పుడు రాశావని ఆవిణ్ణి అడిగాడు.

తిరుగు బస్సులో అక్కను కేకలేశాను. అది ఆటే, అందులో దేవుడూ లేడు, తపస్సూ లేదు అన్నాను.

"తెలుసులేరా. మామ ఫోన్ చేసి, నువ్వు కట్టిన ఆట అని సెప్పినాడు, సూద్దామని వస్తి. ఆడ అందురూ పండుకోనుంటే నేనొకదాన్నే యెట్ల నిలబడేది?" అంది. బట్టలెందుకు తడిపావని అడగబోయి, కొంగు ముడిలో కాయను చూసి ఊరుకున్నాను.

అక్కకు పిల్లలు కలగలేదు. గ్రీకమ్మకు మాత్రం ఆ ఓపెరా అన్నం పెట్టింది. ఎన్నో ఊళ్ళలో ఆడింది, ఆడిన ప్రతిచోటా చివర్లో నిమ్మకాయలు విసిరారు, ఒక్కరూ మధ్యలో లేచిపోలేదట. నేనిప్పుడు తిరుపతిలో పిల్లలకు వయొలిన్ చెప్పుకుంటున్నాను. (వీపు రుద్దడం నేర్పను.) మొన్న పాఠం మధ్యలో ఆవిడ ఫోను. అక్కడి నిమ్మకాయలు మరీ పెద్దవి, ముందు వరస వాళ్ళకు దెబ్బలు తగులుతున్నాయి, ఏం చేయమంటావని. ఇన్నేళ్ళయినా ఇదేం గోలరా అని విసుక్కుంటున్నాను. ఊరి నుంచి వచ్చి వంటింట్లో ఉన్న అక్క అంతా విని బయటికొచ్చింది.

"మెల్లింగా ఇసరమని సెప్పరా ఆయమ్మకి. కింద యెవురు ఏం కోరుకోని కూసోనుంటారో" అంది.

ఆ మాటే ఇంగ్లీషులో చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు. ఆ నిశ్శబ్దం మాత్రం ఆవిడదే. సోడా బండికేసి పరుగెత్తిన ఆ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటూ, నేను ఫోను పెట్టకుండా వింటూ కూర్చున్నాను.