పడుగు మీద గంజి బొట్లు

ఈ ఉదయం పెడనలో మా నాన్న మగ్గానికెక్కే పడుగుకు గంజి పెట్టాడు. వీధి పొడవునా చాపిన నూలు మీద తడి గంజి నుంచి పుల్లటి వాసన లేచింది. ఆ వాసన తగిలితే చాలు, నాకు షమీమ్ మేడమ్ గుర్తుకొస్తారు. బందరు డిగ్రీ కాలేజీలో మాకు ఫిజిక్స్ చెప్పిన మనిషి. నక్షత్రాలు పుట్టే తీరు చూపిస్తానంటూ పట్టపగలు మమ్మల్ని వెంటేసుకుని ఈ వీధిలోకే వచ్చిన మనిషి.

అప్పుడు మేం ఆఖరి సంవత్సరంలో ఉన్నాం. భారీ నక్షత్రాలు ఎలా పుడతాయో ఆవిడ బోర్డు మీద ఎంత గీసినా మా బుర్రలకెక్కలేదు. "మీ ఇంట్లో గంజి ఎప్పుడు పెడతారమ్మా?" అని నన్ను అడిగి, మర్నాడు పొద్దున్నే క్లాసు మొత్తాన్నీ పెడన రైలెక్కించారు. గంజిని సమంగా దువ్వే కుంచె నాన్న పట్టుకునేలోపే ఆయన్ని ఆగమని, ఒక పోగు దగ్గరకు వంగారు. "చూడండి, గంజి సమంగా నిలవలేదు. బొట్లు బొట్లుగా చేరింది. నక్షత్రాల మధ్య ఉండే వాయువు కూడా ఇలాగే పొడవాటి పోగుల్లా ఉంటుంది. ఇక్కడ నీటి గుణం బొట్లు కడుతోంది, అక్కడ గురుత్వాకర్షణ ముద్దలు కడుతుంది." రెండు పోగులు అతుక్కున్నచోట అన్నిటికంటే పెద్ద బొట్టు వేలాడుతోంది. దాన్ని వేలితో చూపించారు. "పోగులు కలిసేచోటికి నలువైపుల నుంచీ వాయువు పారుతుంది. సూర్యుడికంటే ఎన్నో రెట్లు బరువైన నక్షత్రాలు ఎక్కువగా అక్కడే పుడతాయి."

"అంత పెద్దది వెలగడం మొదలుపెడితే, వచ్చే వాయువును ఆ వెలుగే తోసేయదా మేడమ్?" అని అడిగాను. ఆవిడ ముఖం విప్పారింది. "తోస్తుంది. కానీ పోగు వెంట దట్టంగా వచ్చేదాన్ని పూర్తిగా ఆపలేదు. వాయువు పలచగా ఉన్న వైపు నుంచి వెలుగు బయటపడుతుంది. అయినా ఇదింకా పూర్తిగా తేలలేదమ్మా, మీరు తేల్చాలి." ఆ మాటతోనే నేను పాడైపోయాను, నక్షత్రాల పిచ్చి పట్టుకుంది.

నాన్న మాత్రం కుంచెతో కాచుకుని ఉన్నాడు. "ఎండితే పోగు తెగుద్దండి మేడంగారూ. మీ నక్షత్రాన్ని దువ్వేయమంటారా?" అన్నాడు. అందరికంటే ముందు నవ్వింది ఆవిడే.

ఆ ఏడాదే ఫిజిక్స్ కోర్సు ఎత్తేస్తారన్నారు. కొత్తగా చేరేవాళ్ళు లేరు. ఎండాకాలమంతా మేడమ్ ఇంటర్ పాసైన పిల్లల ఇళ్ళకు తిరిగారు, తోడుగా నేను. గుడివాడలో ఒకమ్మాయి చేరాలని ఎంతో ఆశపడింది. వాళ్ళ నాన్న మజ్జిగ ఇప్పించి ఒకే మాట అడిగాడు.

"ఇది చదివితే ఉద్యోగం వస్తదాండీ?"

వస్తుందంటే సరిపోయేది. మేడమ్ గ్లాసు కింద పెట్టారు. "ఏమోనండీ. నేను చెప్పలేను."

ఆ అమ్మాయి లోపలికి వెళ్ళిపోయింది. తిరిగొస్తుంటే బస్సులో నాకు ఒళ్ళు మండిపోయింది. "ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయేది మేడమ్?" అన్నాను.

"ఆ పిల్ల మూడేళ్ళు నా ఎదురుగా కూర్చుంటుంది కదమ్మా. రోజూ ఏ మొహం పెట్టుకుని చూడను?"

కోర్సు పోయింది. ల్యాబులోని సామానంతా ఒక గదిలో పడేసి తాళం వేశారు. మేడమ్‌ను వేరే ఊరికి వేశారు. వెళ్ళేముందు ఖాళీ బల్లల మధ్య నిలబడి నాతో అన్నారు: "ముందు వెలిగిన పెద్ద నక్షత్రం చుట్టుపక్కల వాయువును ఊదేస్తుంది. సగం కట్టిన ముద్దలు కొన్ని అలాగే చెదిరిపోతాయి. అవి ఉండేవని కూడా ఎవరికీ తెలియదమ్మా." కొన్నాళ్ళకే జబ్బు చేసి పోయారు. అంత మంచి టీచరు ఎవరికీ కాకుండా పోయారని నాకు ఇప్పటికీ ఏడుపూ కోపమూ కలిసే వస్తాయి.

నేను తేల్చిందేమీ లేదు. గుడివాడలో ఎంట్రన్సు కోచింగ్ పిల్లలకు బిట్లు చెప్పుకుంటూ బతికాను. ఏ పోగు గురించీ, ఏ నక్షత్రం గురించీ చెప్పే వ్యవధి అక్కడ లేదు. పోయిన వారం ఒక తండ్రి కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. "మా అమ్మాయికి ర్యాంకు వస్తదాండీ?" అన్నాడు. పక్కనే ప్రిన్సిపాల్ ఉన్నారు. వస్తుందని చెప్పడానికే నాకు ఆ కుర్చీ వేశారు. చెప్దామనే నోరు తెరిచాను. ఆ పిల్ల నావైపే చూస్తోంది.

"ఏమోనండీ. నేను చెప్పలేను" అన్నాను.

మేడమ్ నుంచి నాకు మిగిలింది ఆ ఒక్క మాటే. దానితో సాయంత్రానికల్లా ఉద్యోగం పోయింది, పెడన వచ్చేశాను. ఇందాక నాన్న ఇంకో కుంచె తెచ్చి నా చేతిలో పెట్టి, "ఎండిపోద్దమ్మా, కానియ్" అన్నాడు.

రెండు పోగులు అతుక్కున్నచోట పెద్ద బొట్టు ఒకటి వేలాడుతోంది. కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను. తర్వాత దువ్వేశాను.