ఆ పిల్ల నొప్పికి ఎంత వేయాలి

మహారాష్ట్రలో చంద్రపూర్ దగ్గరి విసాపూర్ బడిలో ఆడపిల్లలను నెలసరి నొప్పి గురించి అడిగి రాసుకోవడానికి వెళ్లినప్పుడు, మా బృందంలో తెలుగు వచ్చిన నర్సును నేనొక్కదాన్నే. ఫోన్‌లో మరాఠీ ఫారం. నొప్పికి సున్నా నుంచి పది దాకా ఒక అంకె నొక్కాలి. ఆ తర్వాత చదువుకూ, ఆటకూ, నిద్రకూ అది ఎంత అడ్డమో నింపాలి.

తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె వచ్చి కూర్చుంది. వాళ్ల నాన్నది బొగ్గు గనిలో పని.

"నొప్పి ఎంతుంటది బిడ్డా?"

"సున్నా మేడం."

"మరి నెలకు రెండు రోజులు బడికి ఎందుకు వస్తలేవు?"

"లేవ వశం గాదు. వాంతులైతయ్."

"ఎందుకు?"

"నొప్పికి."

సున్నా ఎందుకన్నావంటే, అది నొప్పే కాదని వాళ్లమ్మ చెప్పిందట.

మర్నాడు తల్లిని పిలిపించాం. ఆమె వెంట అత్త, అంటే పిల్ల నాయనమ్మ, కూడా వచ్చింది. పది అంటే అంతకు మించిన నొప్పి ఉండదని అర్థం అని వాళ్లకు చెప్పాను.

"పది అంటే కానుపు," అంది తల్లి. "దీనికి రెండు ఎయ్యిండ్రి మేడం."

"నీ కానుపు పదా?" అత్త గొంతు లేచింది. "దవాఖాన్ల సూదులు ఏసుకుని కన్నవ్. నీది ఆరు. పది నాది. ఆరుగురిని ఇంట్లనే కన్న."

"నాది ఆరైతే దీనిది ఒకటే అత్తా."

"ఒకటేంది? మొన్న పొర్లి పొర్లి ఏడ్వలే? మూడు ఎయ్యి బిడ్డా."

వంకాయల బేరంలా సాగి రెండున్నర దగ్గర కుదిరింది. ఫోన్ అరలు తీసుకోదన్నాను. బేరం మళ్లీ మొదలైంది.

ఇంతసేపూ బల్ల మీద తల వాల్చి ఉన్న పిల్ల లేచి, "నొప్పి నాది. ఎనిమిది ఎయ్యిండ్రి. గా రోజు నాకు కండ్లు కనవడయ్," అంది.

తల్లి మెల్లగా, "నాకూ గట్లనే అయితుండె. ఇప్పటికీ అయితది," అంది.

"నాకెన్నడు చెప్పలే?" అంది అత్త.

"ఎవరడిగిండ్రు?"

నేను ఎనిమిది నొక్కాను.

"మరి నాది?" అని అత్త కదలకుండా కూర్చుంది. పందొమ్మిదేళ్లు దాటితే ఫారం తీసుకోదని బతిమాలాను. అన్నం గంట కొట్టినా లేవలేదు. చివరికి వయసు పందొమ్మిది, నొప్పి పది, ఇతర వివరాల్లో ఆరు కాన్పులు అని నింపాను.

వారం తర్వాత ఆఫీసు నుంచి ఫోన్. "విసాపూర్‌లో పందొమ్మిదేళ్ల పిల్లకు ఆరుగురు పిల్లలా? పోలీసులకు చెప్పాలా మేడం?" నిజం ఒప్పుకుని, బాగా చీవాట్లు తిని ఆ ఫారం తీసేయించాను.

పిల్లను చంద్రపూర్‌లో డాక్టరమ్మ చూసింది. ప్రమాదమేమీ లేదని చెప్పి, నొప్పి మొదలవుతుండగానే వేసుకోవాలని మాత్రలు రాసింది. తర్వాతి నెల ఒక్కరోజే బడి మానింది. డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజే, నేను చెప్పకుండానే, తల్లి తన పేరుమీద కూడా ఓపీ చీటీ తీసుకుని వరుసలో నిలబడింది.