తొలికాన్పు అడగబోయిన దసరా

మొన్న కంటి పరీక్షకని కొండాపూర్ వెళ్ళాను. ఆటో అతను సందు తప్పి, ఓ పాత అపార్ట్‌మెంట్ ముందు ఆపి, "జర కూసోండమ్మా, ఎవర్నన్న అడిగొస్త" అని దిగాడు. ఆ గేటు చూడగానే గుర్తుపట్టాను. ఆ ఇంటికి నేను ఒకే ఒక్కసారి వచ్చాను, తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో, ఒక దసరా నాడు. గోడలకు కొత్త రంగు వేశారు గానీ, నా కడుపులో మంట మాత్రం పాతదే.

అది మా ఆడబిడ్డ ఇల్లు. మా ఆయన బడిపంతులు, సిద్దిపేట దగ్గర మా ఊళ్ళో అందరూ సారు అంటారు కాబట్టి నాకూ సారే. తల్లిదండ్రులు పోయిన చెల్లెల్ని ఆయన చదివిస్తే, జడలేసి బడికి పంపింది నేను. నాకు పిల్లలు పుట్టలేదు. దానికి కూర్చుని ఏడ్చే తీరిక ఆ పిల్ల నాకెప్పుడూ ఇవ్వలేదు. హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చింది, తనతో ఉద్యోగం చేసే కడప అబ్బాయిని చేసుకుంటానంది. మా సారుకు కులం పట్టింపు లేదు గానీ, "ఊరు ఊరంత రోడ్డు మీదుంటే దీనికి కడప పిల్లగాడే దొరికిండా" అని పెళ్ళికి పోలేదు, నన్నూ పోనివ్వలేదు. మా దిక్కు దసరా సాయంత్రం జమ్మిచెట్టుకు పూజ చేశాక చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్ళు మొక్కుతారు. ఎంత పంతమున్నా ఆ పూట జమ్మి కాదనకూడదు. అందుకని ప్రతి దసరాకూ ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని వీధి వైపు చూస్తూ కూర్చునేవాడు. ఎవరికోసమంటే, గాలికి కూర్చున్నానని ఒక అబద్ధం.

అంతలో ఆమెకు ఏడో నెలని తెలిసింది. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి, పుట్టిల్లంటే మేమే. ఇక నేను ఊరుకోలేదు. సకల జనుల సమ్మె వల్ల బస్సుల్లేవు, బడీ లేదు. పండగపూట తెల్లవారకముందే లేచి, జీపులో ఇరుక్కుని సికింద్రాబాద్ చేరి, ఆటోలు మారుతూ వెళ్ళాం. తిరిగి జీపు దొరకాలంటే పొద్దుండగానే బయల్దేరాలి. దారిలో చూద్దును కదా, ఆయన చొక్కా జేబులోంచి జమ్మి రెమ్మ తొంగిచూస్తోంది. ఎందుకంటే, "ఆ అపార్ట్‌మెంట్లల్ల జమ్మి యాడ దొరుకుతది? మరి నాకేం పెడతది?" అన్నాడు. తనకు పెట్టాల్సిన జమ్మిని తనే మోసుకుపోయే పెద్దమనిషిని చూసి జీపులోనే నవ్వాను. ఆ రోజుకు అదే ఆఖరి నవ్వని తెలియదు.

తలుపు తీసి నన్ను చూడగానే ఆ పిల్ల మెడ చుట్టుకుని ఏడ్చేసింది. అన్నా చెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కుశలమడుక్కున్నారు. ఆ పిల్ల అత్తగారు మర్యాద తెలిసిన మనిషి, వేడివేడిగా బొబ్బట్లు వడ్డించింది. వాళ్ళు ఓళిగలన్నారు, మేము భక్షాలన్నాం, తిన్నంతసేపూ ఏ తగవూ లేదు. టీవీలో ఎక్కడిదో ఉద్యమం ఊరేగింపు చూపిస్తుంటే మా ఆడబిడ్డ భర్త సరదాగా, "బావగారూ, మమ్మల్నెప్పుడు పంపించేస్తారు?" అన్నాడు. మా సారూ నవ్వుతూ, "ముందు మా పిల్లను కాన్పుకు పంపుండ్రి. మీ సంగతి తర్వాత జూద్దాం" అన్నాడు. అత్తగారు నవ్వలేదు. "అది సరే నాయనా, నొప్పులొచ్చిన దినమే బందయితే ఎట్ల చేస్తారు? దోవకు అడ్డంగా కూర్చునేది మీరే కదా" అంది.

ఆమె అన్నది తప్పని నేను ఈ రోజుకీ అనలేను. మా సారు మొహం ఎర్రబడింది. "దవాఖానకు వొయ్యేటోళ్ళను మేమెవ్వరం ఆపం" అని, చెల్లెలి వైపు తిరిగి, "నువ్వు చెప్పు బిడ్డా, వస్తవా?" అన్నాడు. అందరం ఆమె నోటికేసి చూశాం. ఆమె కడుపు మీద చెయ్యి వేసుకుంది.

"నేను రాను అన్నా. నాకు భయమైతుంది."

"ఏం భయం? మనూరే గద."

"నాకు మనూరే. నా బిడ్డను ఎవరి బిడ్డంటరు, అన్నా?"

ఆయన లేచాడు. జేబులోని రెమ్మ తీసి బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకున్నాడు. ఆమె రెమ్మ పట్టుకుని లిఫ్ట్ దాకా వెంటపడి వచ్చింది. వంగలేక వంగుతూ, "అన్నా, జమ్మి" అని చెయ్యి చాపింది. ఆయన చెయ్యి చాపలేదు. "పొద్దు గూకలే ఇంక. పూజ గాని జమ్మి ఉత్త ఆకు" అన్నాడు. పొద్దున్నే తనే తెంపుకొచ్చిన మనిషికి నియమం అప్పుడు గుర్తొచ్చింది! లిఫ్ట్ తలుపు మూసుకుంటుంటే నేను ఆ పిల్లను చూడలేకపోయాను. ఆ మాటకు ఆయన్ని నేను క్షమించలేదు, క్షమించమని ఆయనా అడగలేదు.

కాన్పు కడపలో జరిగింది. ఆడపిల్లని ఫోన్లో చెప్పారు. తర్వాత వాళ్ళు బెంగళూరు వెళ్ళిపోయారు. రాష్ట్రం వచ్చిన నాడు మా ఊరు గులాలుతో ఎర్రబారింది. మా సారును భుజాల మీద ఎత్తుకున్నారు. నిజంగా సంతోషించాను, ఎందుకు సంతోషించను? ఆ రాత్రి ఆమె ఫోన్ చేసి, "అన్నకు కంగ్రాట్స్ చెప్పు వదినా" అంది. పరాయివాళ్ళకు చెప్పినట్టు. ఆ మాట ఆయనకు చెప్పాను. తల ఊపి, ఒంటి మీది గులాలు కడుక్కోవడానికి బావి దగ్గరికి వెళ్ళి, చాలాసేపు రాలేదు.

ఇప్పుడు పండగలకు ఫోన్లు నడుస్తున్నాయి, రమ్మంటే వస్తామనీ అంటారు. ఫోటోలో ఆమె కూతురు తల్లి భుజం దాటింది. ఎప్పుడో ఒకనాడు నా వాకిట్లోకి రావచ్చు, అత్తా అని పిలవనూ వచ్చు. కానీ ఎత్తుకునేంత చిన్నదిగా ఇక ఏ కాలమూ నాకు ఆ పిల్లను తెచ్చివ్వదు.