పద్నాలుగో నంబరు రెక్క

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. నమ్మడానికి తీరికా లేదు. డెబ్బైల చివర్లో అరకు లోయలో ఒక చిన్న టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేశాను. పాతిక నంబర్ల బోర్డు, విశాఖపట్నానికి ఒకే ఒక్క ట్రంక్ లైను, పగలంతా నేనొక్కదాన్ని.

ఆ బోర్డు చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. అవతల ఎవరైనా ఫోను పిడి తిప్పితే, ఇక్కడ వాళ్ల నంబరు మీదున్న చిన్న ఇత్తడి రెక్క టప్పున కింద పడుతుంది. అందులో తీగ గుచ్చి, ఎవరు కావాలో అడిగి, వాళ్లకు కలపాలి. మామూలు రోజుల్లో నడిచిపోయేది. సంత రోజు మాత్రం పదింటి నుంచి ఒంటిగంట దాకా చుక్కలు కనిపించేవి. పసుపు ధర, అల్లం ధర, చింతపండు లారీ... షావుకార్లందరికీ ఆ మూడు గంటల్లోనే విశాఖపట్నం కావాలి. ఒకరికి కలిపేలోగా ఆరు రెక్కలు పడేవి. మంచినీళ్లకు లేచినా తిట్లే. సాయంత్రానికి చెవులు పుండ్లయ్యేవి.

ఎవరు ముందో మరిచిపోకుండా చింతపిక్కలు పెట్టుకున్నాను. ఒక్కో పిక్క మీద సున్నంతో ఒక నంబరు. రెక్కలు పడ్డ వరసలో పిక్కలను బల్ల మీద పేర్చి, ఆ వరసలోనే పలికేదాన్ని.

ఒక్కరికి మాత్రం అన్యాయం చేసేదాన్ని. పద్నాలుగో నంబరు గెడ్డ అవతలున్న గిరిజన ఆశ్రమ బడిది; కొండవాగును మా వైపు గెడ్డ అంటారు. అక్కడ అప్పలస్వామి మాస్టారని ఉండేవారు. మంచి మనిషే. కానీ ప్రతి చిన్నదానికీ ఫోనే. బియ్యం రాలేదమ్మా, కిరసనాయిలు అయిపోయిందమ్మా, బావిలో కప్ప పడిందమ్మా, ఎవరికి చెప్పమంటారు? సంత రోజు ఆయన రెక్క పడితే 'మాస్టారేలే' అనుకుని, ఆ పిక్కను వరసలో చివరకు తోసేదాన్ని.

ఒక వానాకాలం సంత రోజు అలాగే తోశాను. ముప్పావు గంట తర్వాత తీగ గుచ్చితే అవతల ఎవరూ పలకలేదు. సంగతి సాయంత్రానికి తెలిసింది. జ్వరంతో స్పృహ తప్పిన ఒక పిల్ల కోసం ఆసుపత్రి జీపు అడగడానికి చేశారట. నేనెంతకీ పలకకపోయేసరికి పిల్లను భుజాన వేసుకుని, అడ్డదారిన గెడ్డ దాటబోయారు. పిల్లను ఒడ్డునున్నవాళ్ల చేతికి అందించగలిగారు. ఆయన మాత్రం కొట్టుకుపోయారు.

నన్నెవరూ ఒక్క మాట అనలేదు. లైన్లు ఖాళీ లేవని రిజిస్టరులో ఉంది కదా! ఎవరైనా నాలుగు తిట్టినా బాగుండేది. పద్నాలుగో పిక్కను కిటికీలోంచి విసిరేశాను. తర్వాత బడిని డుంబ్రిగుడ వైపు మార్చారు. లైన్‌మన్ సన్యాసి అక్కడి ఫోను ఊడదీసి తెచ్చి మా బీరువాలో పెట్టాడు. ఆ రెక్క మీద కాగితం అతికించాడు.

మరుసటి వానాకాలం, మళ్లీ సంత రోజే. పదకొండు దాటింది. బల్ల మీద తొమ్మిది పిక్కలున్నాయి. నడుము విరిగిపోతోంది. అప్పుడు పద్నాలుగు పడింది, కాగితం చించుకుని.

బోర్డు అదిరిందేమో అనుకుని ఎత్తేశాను. కాసేపటికి మళ్లీ పడింది. సన్యాసి ఏ స్తంభమో ఎక్కి కెలుకుతున్నాడనుకుని, మళ్లీ ఎత్తి నా పనిలో పడ్డాను. మూడోసారీ పడింది. ఒళ్లు మండి తీగ గుచ్చాను.

"ఏమయ్యా సన్యాసీ, నీకు ఈ రోజే దొరికిందా?"

గెడ్డ హోరు వినిపించింది. ఆ వెనకే ఆయాసపడుతున్న మగ గొంతు.

"అమ్మా, బేగి ఆస్పత్రికియ్యండమ్మా. బడి అరుగు మీద ఓ మనిసి నొప్పులు పడతంది."

ఆ 'అమ్మా' నాకు తెలుసు. రెండేళ్లు విన్నాను. ఆసుపత్రి లైనులో ఎవరో గుమస్తా మాట్లాడుతున్నాడు. చెప్పాపెట్టకుండా అతని తీగ లాగేసి, పద్నాలుగును కలిపాను. డాక్టరు పలకడం నా చెవులతో విన్నాను.

సాయంత్రం ఆసుపత్రి కాంపౌండరు ఫోను చేశాడు.

"మేడమ్, ఆ కబురు సెప్పినోలు ఎవులండి? అక్కడ ఆ యమ్మా, దానత్తా తప్ప ఇంకెవులూ నేరు."

సంతకు దిగుతుంటే దారిలో నొప్పులు మొదలై, ఖాళీగా ఉన్న ఆ బడి అరుగెక్కారట. ఇంకో గంట ఆలస్యమైతే తల్లీ బిడ్డా దక్కేవారు కాదని, కాంపౌండరు తర్వాత ఫోను అందుకున్న డాక్టరు చెప్పాడు. ఫోనులో మగ గొంతే విన్నానని, బడి మాస్టారినని చెప్పాడని కూడా అన్నాడు.

సన్యాసి బోర్డు వెనక చెక్క విప్పి చూపించాడు. పద్నాలుగు తీగ కొస చిలుము పట్టి ఊరికే వేలాడుతోంది.

"నా సేత్తోనే కోసేను గదండీ," అన్నాడు. బీరువా తాళం తీశాం. ఫోను పెట్టినచోటే ఉంది.

వానకు తీగలు ఒకదానికొకటి తగిలి వేరే లైను మాట ఇటు వచ్చి ఉంటుందని తర్వాత ఒక ఇంజనీరు అన్నాడు. అలా జరుగుతుంది, నాకూ తెలుసు. కానీ ఆ బడి చుట్టుపక్కల మాట్లాడటానికి అసలు ఇంకో ఫోనే లేదు.

రిటైరై చాలా ఏళ్లయింది. ఆ గొంతును దయ్యమని మాత్రం ఇవాళ్టికీ అనలేను, నోరు రాదు. తలుచుకుంటే భయమూ వేయదు, సిగ్గేస్తుంది. ఎవరికీ చెప్పని ముక్క ఒకటుంది. ఆ రోజు రెండోసారి రెక్క పడ్డప్పుడు, వరసలో చివరకు తోసేద్దామని, పద్నాలుగో పిక్క కోసం నా చెయ్యి బల్లంతా వెతికింది.