చందనం అంటిన పిల్లలు

డాక్టరేటు తర్వాత తిరుపతిలో ఒక ల్యాబ్‌లో చేరాను. కళ్ళు తెరిచిన కొత్తలోనే చిట్టెలుక పిల్లకు ఒక కన్ను కుట్టేస్తే, ఆ కంటికి మెదడులో దక్కాల్సిన చోటును రెండో కన్ను ఎలా లాక్కుంటుందో చూడడం నా పని. పుట్టుకతోనే శుక్లాలున్న పసిబిడ్డలకు ఎప్పటిలోగా ఆపరేషన్ చెయ్యాలో ఇలాంటి పని వల్లే తెలుస్తుంది. ఎవరైనా అడిగితే ఈ రెండో మాటే చెప్తాను.

ఎలుకల గదిలోకి కొత్త వాసనలు పోకూడదు; పిల్లకు అంటితే తల్లి దాన్ని తనదనుకోదు. అందుకే నేను మల్లెపూలు మానేశాను. ఒక రోజు ల్యాబ్ నడిపే మా సార్ కొండ మీద గుండు చేయించుకొని, తలకు చందనం పూసుకొని, నేరుగా ఆ గదిలోకే వచ్చారు.

"ఏం మ్మా, నీ పిల్లోళ్ళు బాగుండారా?"

గుండు నిమురుకున్న చేత్తోనే పెట్టె మూత తీసి, మొన్న పుట్టిన పిల్లల్ని ఒక్కొక్కటిగా ఎత్తి చూశారు. "సార్, చెయ్యి..." అన్నాను. నా గొంతు ఫ్యాన్ చప్పుడును దాటలేదు.

ఆయన చెయ్యి తియ్యగానే తల్లి ఒక పిల్లను వాసన చూసి, తల కొరికేసింది. పచ్చి చెనక్కాయ పగిలిన చప్పుడు. రెండోదాని పొట్ట చీల్చింది. తానిచ్చిన పాలే నెత్తురుతో కలిసి రంపపు పొట్టులోకి కారాయి. మూడోదాన్ని నేను బయటికి లాగబోతే గ్లవ్‌తో సహా నా వేలు కొరికింది.

"దీనికి పిచ్చి పట్టినాది. మెడ ఇరిసెయ్ మ్మా."

"చంపితే మిగతావాటికి పాలెవరిస్తారు? మీరిస్తారా?" అని అరిచాను. ఇంట్లో కూడా నేనంత గట్టిగా మాట్లాడి ఎరగను. "తల వంచండి సార్."

ఆయన వంచారు. గుండు మీది చందనాన్ని తడి దూదితో తీసి తల్లి ముక్కుకు రుద్దాను. తన ముక్కుకే ఆ వాసన ఉంటే పిల్లల మీద వేరుగా తెలియదు. అది తుమ్మింది, నెత్తురు మూతిని గీరుకుంది. చాలాసేపటికి, మిగిలిన పిల్లల మీదికి పోయి పడుకుంది.

"మెత్తగా ఉంటావనుకున్నా గదమ్మా!" అన్నారు సార్, తల తుడుచుకుంటూ.

రెండు వారాలకు పిల్లలు కళ్ళు తెరిచాయి. అన్నిటికంటే ముందు తెరిచినదాన్ని మత్తులో పెట్టి, పై రెప్పను కింది రెప్పతో కలిపి సూదితో కుట్టేశాను. నెత్తురు వాసన తగలకుండా వాటి గూటి పొట్టుతోనే రుద్ది, పెట్టెలో వదిలాను. తల్లి దగ్గరికొచ్చి మూతి ఆనించింది. ఎత్తిన మూత చేత్తో పట్టుకొని అలాగే నిలబడ్డాను.

అది కుట్టును నాకడం మొదలుపెట్టింది.